ఎదురెదురు కుర్చీలు

ఆ రోజు తిరుపతి క్లాసుకు నేను కొత్తగా ఏదో నేర్చుకుందామని వెళ్ళలేదు. రూతుకు ఏమీ రాదని పదిమంది ముందు తేల్చిపారేయడానికి వెళ్ళాను.

రూతు ఎవరో చెప్పాలి. పుత్తూరులో బస్టాండు నుంచి ఎముకల కట్టు వేసేవాళ్ళ ఇళ్ళవైపు పోయే దారిలో ఉంది నా కళ్ళద్దాల షాపు. సరిగ్గా దానికి ఎదురుగా రూతు షాపు. మధ్యలో ఒక రోడ్డు, ఆ రోడ్డు మీద చేతికో కాలికో కట్టుతో తిరిగే మనుషులు. ఎముక విరిగి మా ఊరికి వచ్చినవాళ్ళు ఊరికే కూర్చోలేక కళ్ళు కూడా చూపించుకుని పోతుంటారు. వాళ్ళలో చాలామంది అరవం మాట్లాడేవాళ్ళు. అందుకని నా గోడ మీద తెలుగు అక్షరాల చార్టు పక్కనే అరవ అక్షరాల చార్టు కూడా తగిలించాను. కొన్నాళ్ళకు రూతూ తగిలించింది. అది చేసేదంతా అలాగే ఉంటుంది.

మేమిద్దరం తిరుపతిలో ఒకే బెంచీ మీద కూర్చుని కంటి పరీక్షల కోర్సు చదివాం. హాస్టల్లో ఒకే గది, ఒకే ప్లేటు. ఆ మాట ఇప్పుడెవరైనా ఎత్తితే నాకు ఒళ్ళు మండుతుంది. కోర్సు అయ్యాక నేను షాపు పెట్టాను. ఊళ్ళో ఇంకెక్కడా చోటు లేనట్టు అది వచ్చి నా ఎదురుగానే పెట్టింది. పోనీలే, రోడ్డేమన్నా నా అబ్బ సొత్తా అనుకుని ఊరుకున్నాను. తర్వాత హెడ్మాస్టరు తిరుమలయ్యగారు నేను రాసిన అద్దాలతో తలనొప్పి వస్తోందని దాని దగ్గరికి వెళ్ళాడు. అది ఆ అద్దాలు చూసి, "ఎవురప్పా ఇది రాసింది, కండ్లు మూసుకుని రాసినట్టుండాదే" అన్నదట. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. ఆ మాట ఊరంతా తిరిగి తిరిగి నా షాపుకే వచ్చింది. అప్పటినుంచి మాకు మాటల్లేవు.

నా కన్ను తప్పు చూడదు. ఇది నేను చెప్పుకునే గొప్ప కాదు, పుత్తూరులో ఎవరినడిగినా చెప్తారు. మనిషి గడప దాటి లోపలికొచ్చే తీరు చూసి దగ్గరి చూపు తక్కువో దూరపు చూపు తక్కువో చెప్పేస్తాను.

ఈ పనిలోకి సరదాకు రాలేదు నేను. మా నాయనకు ముసలితనం రాకముందే చూపు పోయింది. నొప్పి లేదు, ఎరుపు లేదు, నీరు కారింది లేదు. పక్కల నుంచి మొదలుపెట్టి మెల్లగా తినేసింది. ఆయన తెలుసుకునేసరికి గొట్టంలోంచి చూసినంత మాత్రమే మిగిలింది, కొన్నాళ్ళకు అదీ పోయింది. చెయ్యి పట్టుకుని నన్ను బడికి నడిపించిన మనిషిని నేను చెయ్యి పట్టుకుని పెరట్లోకి నడిపించాను. దాని పేరు నీటికాసులని, కంట్లో ప్రెషరు పెరిగి లోపలి నరం చచ్చిపోతుందని, కోర్సులో చేరాకే తెలుసుకున్నాను. ఆ రాత్రి హాస్టల్లో ఏడ్చాను కూడా. నాకు ఈ లోకంలో ఉన్న భయం అదొక్కటే, మా నాయన మాదిరి అయిపోతానేమోనని. మిగతా వాటి మీద నాకుండేది కోపమే.

ఇక రూతు తెచ్చిన మిషను సంగతి. రెండేళ్ళ కింద తెచ్చింది. గడ్డం ఆనించి కూర్చుంటే అది కంట్లోకి ఉఫ్ అని గాలి ఊది, లోపల ప్రెషరెంత ఉందో చెప్తుంది. మిషను దిగిన రోజు పక్క టీకొట్టాయనతో నాకు కబురు పంపింది, ఒకసారి వచ్చి పొమ్మని. చూసి ఏడవమని కాకపోతే ఎందుకు? "కాలు ఇరిగింది, కట్టు ఇప్పినాక వస్తానని సెప్పు" అని పంపేశాను. ఆ తర్వాత నా షాపుకు వచ్చిన ప్రతివాడికీ చెప్పాను. "అన్నం వేడిగా ఉంటే ఊదుకోవాల గానీ, కండ్లల్లో ఊదించుకునేది యాడన్నా ఉండాదా?" నవ్వుకుంటూ వెళ్ళేవాళ్ళు. అయినా దాని వ్యాపారం తగ్గలేదు. షాపు పైన 'బేతేలు కళ్ళజోళ్ళు' అని పచ్చలైట్ల బోర్డు కూడా పెట్టించింది. సాయంత్రమైతే ఆ పచ్చ వెలుగు రోడ్డు దాటొచ్చి నా బల్ల మీద పడేది. ఆ బోర్డు దిగిపోతే తిరుచానూరు అమ్మవారికి చీర పెడతానని మొక్కుకున్నాను. మొక్కుకున్నానని చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

మా కళ్ళద్దాలవాళ్ళ సంఘం ఏడాదికొకసారి క్లాసు పెడుతుంది. కంటి పరీక్షల్లో కొత్తగా వచ్చినవి చెప్తారు, పాతవి మళ్ళీ చేయించి చూస్తారు, సాయంత్రం సర్టిఫికెట్ ఇస్తారు. ఎగ్గొట్టినవాళ్ళ పేరు సంఘంలోంచి తీసేస్తారు. ఈసారి రేణిగుంట రోడ్డులో ఒక కల్యాణమండపం పైఅంతస్తులో పెట్టారు. కింద ఎవరిదో పెళ్ళి. డాక్టరు ఒక మాట చెప్పేలోపు సన్నాయి పది మాటలు చెప్తోంది.

డాక్టరు హృషీకేశ్ కుర్రవాడు. తెర మీద బొమ్మలు మారుస్తూ చెప్తున్నాడు. "నలభై దాటిన ప్రతి ఒక్కరికీ కంటి ప్రెషర్ చూడండి. మీ దగ్గరికి అద్దాల కోసమే వస్తారు, అయినా చూడండి. నీటికాసులు ఉన్నవాళ్ళకు తమకు ఉన్నట్టే తెలియదు."

ముందు వరసలో రూతు తల ఊపుతోంది, ఆయన చెప్పేదేదో ముందే దాని దగ్గర నేర్చుకుని వచ్చినట్టు. నాకు మండింది. నా పక్కన కూర్చున్న బంగారుపాళ్యం ఆమెతో అన్నాను, "మిషను కంపెనీవోళ్ళు సెప్పించినట్టుండాదే." ఆమె నవ్వలేదు. రాసుకుంటోంది.

"సరే, మిషన్ లేదు. అప్పుడేం చేస్తారు?" అన్నాడు డాక్టరు. అప్పుడు నేను నిటారుగా కూర్చున్నాను. "ఎదురెదురుగా కూర్చోండి. అవతలి మనిషి ఎడమ కన్ను మూసుకుంటే మీరు కుడి కన్ను మూసుకోండి. ఒకరి కంట్లోకి ఒకరు చూస్తూ ఉండండి. ఇద్దరికీ సరిగ్గా మధ్యలో, పక్క నుంచి మీ వేళ్ళు మెల్లగా లోపలికి తీసుకురండి. మీకు కనిపించినప్పుడే వాళ్ళకూ కనిపించాలి. మీ కన్నే కొలబద్ద. వాళ్ళకు ఆలస్యంగా కనిపిస్తే పక్కచూపు పోతోందని అర్థం."

కోర్సులో నేర్చుకున్నదే. అందరం మర్చిపోయిందే. ఇదే కావాలి నాకు. మిషను లేకుండా, ఒట్టి వేళ్ళతో, నా కన్నే కొలబద్దగా. రూతు మిషనును చెత్తబుట్టలో వేయడానికి ఇంతకంటే మంచి అవకాశం రాదనుకున్నాను.

సంఘం కార్యదర్శి సౌందరరాజన్‌గారు జంటలు కలిపారు. నిలువు నామం, చేతిలో మైకు. "ఒకే ఊరివాళ్ళు ఒక జంట. పుత్తూరువాళ్ళిద్దరూ ఆ కిటికీ దగ్గర కూర్చోండమ్మా."

"నేను బంగారుపాళ్యం ఆమెతో కూర్చుంటా సార్" అన్నాను.

"ఆమెకు జంట ఉంది. పోయి కూర్చోమ్మా, ఏం పెళ్ళిచూపులా" అన్నారాయన. హాలంతా నవ్వింది. కింద సన్నాయి సరిగ్గా అప్పుడే అందుకుంది.

ఎదురెదురు కుర్చీలు. మోకాళ్ళకు మోకాళ్ళు తగులుతున్నాయి. ఇన్నేళ్ళు రోడ్డుకు అవతల చూసిన మొహాన్ని ఇంత దగ్గరగా చూడాల్సి వచ్చింది. తల నెరిసింది దానికి. సంతోషపడ్డాను.

"ముందు నేను సూస్తా" అన్నాను, దాని మొహంతో కాదు, కిటికీతో. అది కుడి కన్ను మూసుకుంది. నేను ఎడమ కన్ను మూసుకున్నాను. నాలుగు మూలల నుంచీ వేళ్ళు తెచ్చాను. నాకు కనిపించినప్పుడల్లా అది "ఆ" అంది. తప్పు దొరకలేదు.

రెండో కన్ను. అది ఎడమ కన్ను మూసుకుంది, నేను కుడి కన్ను మూసుకున్నాను. ఎడమ కంటితో దాని కంట్లోకి చూస్తున్నాను. కింది నుంచి వేళ్ళు తెచ్చాను, బాగానే ఉంది. నా కుడిచేతిని పైకెత్తి, పై మూల నుంచి మెల్లగా లోపలికి తెస్తున్నాను. నాకింకా వేళ్ళు కనపడనేలేదు. అది "ఆ" అంది.

చెయ్యి వెనక్కి తీసుకున్నాను. మళ్ళీ తెచ్చాను, ఇంకా మెల్లగా. మళ్ళీ నాకంటే ముందే "ఆ" అంది.

నాకు పాత సంగతి గుర్తొచ్చింది. కోర్సులో తొందరగా క్యాంటీనుకు పోదామని ఇది ప్రాక్టికల్స్‌లో కనపడకపోయినా కనపడిందని చెప్పేసేది. పుట్టుకతో వచ్చిన బుద్ధి. సరే చూద్దామని ఈసారి మూడు వేళ్ళు విప్పి పట్టుకున్నాను. "ఎన్ని?" అన్నాను.

"మూడు" అంది.

రెండు వేళ్ళు చేశాను. "రెండు" అంది. నా చెయ్యి అక్కడే ఉంది, నేనే ఎత్తి పట్టుకున్నాను, భుజం లాగుతోంది కూడా. కానీ నాకు అక్కడ కిటికీ వెలుగు తప్ప ఏమీ లేదు. లెక్క ఎలా సరిపోయిందని ఆలోచించే మనిషినైతే ఆగేదాన్ని. నాకు దాని అబద్ధం దొరికిందన్న ఆనందమే ముందు వచ్చింది.

కుర్చీ వెనక్కి నెట్టి లేచాను. "సార్, ఈమె కనపడకుండానే కనపడిందని సెప్తా ఉండాది. ఇట్లాంటోళ్ళకు సర్టిఫికెట్ ఇచ్చి ఊరి మీదికి పంపితే ఇంగ జనం కండ్లు ఏమైపోవాల? నా వేళ్ళు నాకే కనపళ్ళేదు, ఈమెకు యాడ కనపడినాయి సార్?"

మామూలు జనమైతే నవ్వేసి ఊరుకునేవాళ్ళు. ఆ హాల్లో ఉన్నదంతా కంటి పని చేసేవాళ్ళు. అదీ నా ఖర్మ. ఒక్కరు కూడా రూతు వైపు చూడలేదు. అందరూ నన్నే చూస్తున్నారు. బంగారుపాళ్యం ఆమె చేతిలో పెన్ను ఆగిపోయింది. సౌందరరాజన్‌గారు మైకు కట్టేశారు. నేను అన్నది నాకు అర్థం కాకముందే వాళ్ళందరికీ అర్థమైంది.

రూతు నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. కంటి మీది చెయ్యి తీసి చాలా ఏళ్ళ తర్వాత మొదటిసారి నాతో మాట్లాడింది.

"మోహనా, ఏ కన్నుతో సూసినావు?"

"నీకెందుకు?"

"కూసో."

"నువ్వు సెప్తే కూసోవాల్నా నేను?"

"కూసోమే" అని నా భుజం పట్టుకుని కుర్చీలో కూలేసింది. తనే నా కుడి కన్ను మూసింది. ఆ పై మూల నుంచే వేళ్ళు తెచ్చింది. నేను చూస్తూనే ఉన్నాను. ఏమీ రాలేదు. చాలాసేపటికి దాని వేళ్ళు దాదాపు దాని ముక్కు దగ్గర పుట్టినట్టు కనిపించాయి.

"నువ్వు చెయ్యి దూరంగా పెట్టినావు" అన్నాను.

డాక్టరు వచ్చి చేశాడు. అంతే. ఆయనా దూరంగానే పెట్టాడన్నాను. ఆయన లైటున్న పరికరం తెచ్చి, నా చెంపకు చెంప తగిలేంతగా వంగి, కంటి లోపలికి చూశాడు. చూస్తూనే ఉన్నాడు. పరీక్ష చేసేవాళ్ళు ఎప్పుడు మాట్లాడకుండా ఉండిపోతారో నాకు తెలుసు. నేనూ అలాగే ఉండిపోతాను.

"నరం దెబ్బతిన్నట్టు ఉంది" అన్నాడు చివరికి. "ఇంట్లో ఎవరికైనా నీటికాసులు ఉన్నాయా అమ్మా?"

"లేదు" అన్నాను. ఎందుకన్నానో తెలియదు. నోరు అదే అన్నది.

"వాళ్ళ నాయనకు ఉండాది సార్" అంది రూతు వెనక నుంచి. "దాంతోనే రెండు కండ్లూ పోయినాయి ఆయనకు."

పుట్టి బుద్ధెరిగిన తర్వాత నేను ఎవరినీ ఆ క్షణంలో రూతును అసహ్యించుకున్నంత అసహ్యించుకోలేదు. హెడ్మాస్టరు మాట దీని ముందు ఎంత. నా నాయనను తీసుకొచ్చి ఆ హాలు మధ్యలో నిలబెట్టింది.

బయటికొచ్చేశాను. మెట్ల మీద పెళ్ళివాళ్ళు తాంబూలం సంచులు పట్టుకుని దిగుతున్నారు. వాళ్ళను తప్పించుకుంటూ సగం దిగానో లేదో రూతు వచ్చి నా దారికి అడ్డం నిలబడింది.

"యాడికి పోతావు? డాక్టరు రేపు పెద్ద టెస్టుకు రమ్మంటా ఉండాడు."

"నా కండ్లు నా ఇష్టం. నీకు సంతోషమే గదా, పో, పొయ్యి హెడ్మాస్టరుకు సెప్పుకో. కండ్లు మూసుకుని రాసిందన్నావు, నీ మాటే నిజమైందని సెప్పు."

"అన్నాను. ఆ అద్దాలు తప్పే. ఇప్పుటికీ అంటా." నేను దిగబోతే మళ్ళీ అడ్డం వచ్చింది. "మిషను వచ్చిన దినం నీకు కబురెందుకు పంపినాననుకున్నావు?"

"నా ఏడుపు సూడ్డానికి."

"మొట్టమొదట నీకే సూద్దామని పంపినా. మీ నాయన సంగతి హాస్టల్లో ఏడ్సుకుంటా సెప్పింది ఎవురికి? నాకు గాదా? రేపు నాకు కూడా వస్తుందేమో రూతా అని నా ఒళ్ళో తలపెట్టుకోని ఏడిస్తివే. నేను మర్సిపోలా. నువ్వు కాలు ఇరిగిందని సెప్పి పంపినావు. రెండేండ్లు, మోహనా. గోటితో పొయ్యేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకున్నావు."

తాంబూలం సంచుల వాళ్ళు నిలబడి వింటున్నారు. దాన్ని పక్కకు నెట్టి దిగిపోయాను.

మర్నాడు మా ఆయన మునిచంద్ర నన్ను ఆసుపత్రికి లాక్కెళ్ళాడు. లాక్కెళ్ళాడనే అంటాను, ఎందుకంటే బస్సు ఎక్కేదాకా క్లాసులో వాళ్ళదే తప్పని వాదిస్తూనే ఉన్నాను. "నువ్వు పట్టిన కుందేటికి మూడే కాళ్ళు" అని ఆయన ఒక్క మాటే అన్నాడు. ఒక చీకటి డబ్బాలో తల పెట్టించి, వెలుగు చుక్క కనిపించినప్పుడల్లా మీట నొక్కమన్నారు. ఎడమ కంటి వంతు వచ్చినప్పుడు చాలాసేపు నొక్కే పనే పడలేదు.

ఎడమ కంట్లో ముక్కు వైపు పైభాగం పోయింది. రెండు కళ్ళూ తెరిచి ఉంటే ఆ లోటు కుడి కన్ను పూడ్చేస్తుందట, అందుకే ఇన్నాళ్ళూ తెలియలేదట. నేను ఇదే మాట ఎంతమందికి చెప్పానో. పోయింది రాదు. ఉన్నది నిలవాలంటే బతికినన్నాళ్ళూ రోజూ కంట్లో మందు చుక్కలు వేసుకోవాలి, నెలనెలా ప్రెషరు చూపించుకోవాలి.

"నెలనెలా తిరుపతి రావాల్నా సార్?" అన్నాడు మా ఆయన.

"ఎందుకు? మీ షాపు ఎదురుగానే మిషన్ ఉందని నిన్న క్లాసులో ఈమెతో జంటగా కూర్చున్నావిడ నాకు ఫోన్ చేసి చెప్పింది" అన్నాడు హృషీకేశ్ డాక్టరు.

ఆ రోడ్డు దాటడానికి నాకు నెలంతా పట్టింది. చుక్కలు వేసుకున్నాను, గడపలో నిలబడ్డాను, వెనక్కి వచ్చాను. ఒకరోజు కట్టు విప్పించుకున్న ముసలాయన ఒకడు కర్ర ఊతంతో రోడ్డు దాటుతుంటే, పట్టుకుని దాటించే నెపంతో అటు వెళ్ళిపోయాను. ఆయన తన దారిన పోయాడు. నేను రూతు గడపలో ఉన్నాను.

అది లేచి మిషను మీది గుడ్డ తీసింది.

"గడ్డం ఆనించు. కదలొద్దు."

ఉఫ్ అని ఊదింది. ఉలిక్కిపడ్డాను.

"అన్నం ఊదుకున్నట్టే గదా, ఎందుకట్ల అదురుతావు" అంది. నేను ఊరందరికీ చెప్పిన మాట దానికి ఎప్పుడో చేరింది. అయినా ఇన్నాళ్ళూ అనకుండా దాచుకుంది, ఇక్కడ అనడానికి. రెండో కంట్లోనూ ఊది, ప్రెషరు తగ్గిందని చెప్పి, మిషను తుడుచుకుంటూ నా మొహం చూడకుండా అంది. "నీకాడికొచ్చే నలభై దాటినోళ్ళను కూడా పంపు."

"పంపుతా. హెడ్మాస్టరును మాత్రం పంపను."

"ఆయన ఎప్పుడో సూపించుకున్నాడు లే."

మా మధ్య ఇంతే. ఇప్పటికీ దారిలో ఎదురైతే పలకరించుకోం. మెట్ల మీద అది అన్న మాటకు నాకు దాని మీద ఇంకా కోపం ఉంది. శత్రువు శత్రువు మాదిరి ఉండాలి గానీ, ఒళ్ళో తలపెట్టుకున్న సంగతి అంతకాలం గుర్తు పెట్టుకోకూడదు.

పొద్దున్నే షాపు తెరిచి, అద్దాలు తుడవకముందే నేనొక పని చేస్తాను. గడపలో నిలబడి కుడి కన్ను మూసుకుంటాను. ఎడమ కంటితో రూతు షాపు తలుపు గొళ్ళెం మీద చూపు నిలిపి, కదపకుండా, పైన బోర్డులో ఎన్ని అక్షరాలు అందుతున్నాయో చూసుకుంటాను. కుడి చివరి 'ళ్ళు' ఎప్పుడో పోయింది. 'జో' మసకగా ఉంది. మిగతావి ఉన్నాయి.

తిరుచానూరు వెళ్ళి అమ్మవారికి చీర పెట్టి వచ్చాను. ఆ బోర్డు దిగిపోవాలన్న నా పాత మొక్కు మర్చిపొమ్మని, అందులో ఇక ఒక్క అక్షరం కూడా పోనివ్వొద్దని దండం పెట్టుకున్నాను.